రోడ్రిగ్స్ దీవి: లెగ్వా చూసినది, మనకు మిగిలినది

మన దేశపు పటం గీయమని బడిపిల్లలకు చెబితే చాలామంది ఒకే దీవి గీసి ఊరుకుంటారు. కొంచెం శ్రద్ధ గలవాడు కాగితానికి కుడివైపు చివర ఒక చుక్క పెట్టి, దాని పక్కన రోడ్రిగ్స్ అని పేరు రాస్తాడు. ఆ చుక్కను గురించి మన తెలుగు కుటుంబాలలో మాట్లాడుకునేది తక్కువ. అక్కడ చెరకు తోటలు లేవు. అందువల్ల 1834 తర్వాత కోరంగి, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఓడలెక్కి వచ్చిన మన పూర్వులు మారిషస్‌లోనే దిగారు, అక్కడికి పోలేదు. అక్కడి మిరపకాయ ఊరగాయ, తేనె, ఎర్ర చిక్కుడు గింజలు, ఎండబెట్టిన ఊరిత్ మన బజారులో కొంటాము. అంతటితో మన పరిచయం సరి.

కాని రెండు వందల యాభై సంవత్సరాల కిందట ఆ దీవి నుండి ఈ దీవికి వచ్చిన సరుకు వేరు. ఆ సరుకు వల్ల మారిషస్ బతికింది, రోడ్రిగ్స్ బోడి అయింది. ఆ చరిత్ర మనకు తెలియవలసినది. అది తెలియడానికి ముందు ఆ దీవి ఎటువంటిదో చూద్దాము.

దీవి స్వరూపం

రోడ్రిగ్స్ మారిషస్‌కు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పొడవు 18 కిలోమీటర్లు, వెడల్పు 8 కిలోమీటర్లకు మించదు. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు, అంటే మారిషస్‌లో పదిహేడవ వంతు. రెయూనియన్, మారిషస్, రోడ్రిగ్స్ మూడింటినీ కలిపి మాస్కరీన్ దీవులంటారు. మూడూ సముద్రగర్భంలోని అగ్నిపర్వతాల వల్ల ఏర్పడినవే. ఏ ఖండాన్నీ ఎన్నడూ ఆనుకొని ఉన్నవి కావు.

దీవి నడుమ తూర్పుపడమరలుగా ఒక కొండవరుస సాగుతుంది. అందులో అన్నిటికంటె ఎత్తైన మోన్ లిమోన్ శిఖరం 400 మీటర్లకు కొద్దిగా తక్కువ. అక్కడి నుండి లోయలు ఇరువైపులా సముద్రానికి దిగుతాయి. నైరుతి మూలన ప్లేన్ కొరాయ్ అనే చదును ప్రదేశం మాత్రం సున్నపురాయి నేల. గాలికి కొట్టుకువచ్చిన పగడపు ఇసుక కాలక్రమాన గట్టిపడి రాయి అయింది. వాన నీరు ఆ రాయిని కరిగించి గుహలు తొలిచింది. ఈ గుహలను పాఠకులు గుర్తుంచుకోవాలి. మనం చెప్పుకోబోయే కథకు సాక్ష్యం అక్కడే దొరికింది.

దీవి చుట్టూ పగడపు కట్ట ఉన్నది. ఆ కట్టకూ ఒడ్డుకూ మధ్య నిలిచిన లోతు తక్కువ సముద్రభాగం సుమారు 240 చదరపు కిలోమీటర్లు, అంటే నేలకు రెండింతలు. ఆటు సమయంలో ఆడవాళ్లు ఇనుపమొన కర్రలు పట్టుకొని మోకాలి లోతు నీటిలో నడుస్తూ ఊరిత్‌ను వేటాడుతారు. వేట మితిమీరి పట్టు తగ్గిపోవడంతో 2012 నుండి ఏటా కొన్ని వారాలు ఆ వేటను ఆపుతున్నారు.

ఆ దీవి ఎంత ఒంటరిదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1883 ఆగస్టు 27న ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, రోడ్రిగ్స్‌లో పోలీసు అధికారిగా ఉన్న జేమ్స్ వాలిస్ తూర్పు దిక్కున ఫిరంగులు పేలుతున్నట్టు ధ్వని విన్నానని రాసిపెట్టాడు. ఆ పర్వతం అక్కడికి 4,800 కిలోమీటర్ల దూరం. నడుమ అంతా నీరే.

ఇంత దూరాన సముద్రంలో పుట్టిన నేలకు జీవులు చేరాలంటే ఎగిరి రావాలి, లేదా నీటిపై తేలి రావాలి. పక్షులు, గబ్బిలాలు గాలివాటున వచ్చాయి. తాబేళ్లు నీటిపై తేలి వచ్చాయి. చెట్ల గింజలు పక్షుల కడుపులోనో, అలల మీదనో వచ్చాయి. నాలుగు కాళ్లతో వేటాడే జంతువు ఒక్కటీ రాలేదు. నేలమీద పాలిచ్చి పెంచే జాతులలో పండ్లు తినే గబ్బిలం తప్ప మరేదీ లేదు. వేలాది తరాలు శత్రువు లేకుండా గడిపిన పక్షులు కొన్ని ఎగరడం మానుకున్నాయి. తాబేళ్లు భయపడడం ఎరుగవు.

లెగ్వా రాక

1528లో పోర్చుగీసు నావికుడు డియోగో రోడ్రిగ్స్ పేరు ఆ దీవికి వచ్చింది. తరువాత నూట అరవై సంవత్సరాలు అక్కడ ఎవరూ కాపురం చేయలేదు. 1691లో ఫ్రాన్స్వా లెగ్వా అనే అతడు ఏడుగురు సహచరులతో అక్కడ దిగాడు. అతడు ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టెంటు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛను రద్దు చేయగా, అటువంటివారు వేలకొద్దీ దేశం వదిలి పారిపోయారు. లెగ్వా హాలండు చేరి, రెయూనియన్‌లో స్థిరపడుదామని ఓడ ఎక్కాడు. ఓడ కెప్టెన్ అతణ్ణి అక్కడికి చేర్చక రోడ్రిగ్స్‌లో దింపి పోయాడు. చెప్పిన చోటు ఒకటి, దింపిన చోటు మరొకటి. ఓడలెక్కినవారికి ఇటువంటి అనుభవం లెగ్వాతో మొదలు కాలేదు, అతనితో ముగియనూ లేదు.

ఎనిమిదిమందీ మగవాళ్లే. ఇప్పుడు పోర్ట్ మాత్యురిన్ పట్టణం ఉన్న చోట గుడిసెలు వేసుకొని రెండు సంవత్సరాలు ఉన్నారు. తిండికి లోటు లేదు. కాని కుర్రవాళ్లకు పెళ్లాం పిల్లలు లేని బతుకు సహించలేదు. కొట్టుకువచ్చిన దుంగలతో ఒక పడవ కట్టుకొని 1693లో మారిషస్‌కు బయలుదేరారు. ఆనాడు మారిషస్ డచ్చివారిది. అక్కడి గవర్నరు వీరిని తీరానికి దగ్గరలో ఉన్న ఒక బోడి తిప్పపై ఖైదులో ఉంచాడు. లెగ్వా 1698లో ఐరోపా చేరి, తరువాత ఇంగ్లండులో స్థిరపడి, 1708 ప్రాంతంలో తన ప్రయాణాన్ని పుస్తకంగా ప్రచురించాడు.

ఒంటరి పక్షి

ఆ పుస్తకంలో అందరినీ ఆకర్షించినది సొలితేర్ అనే పక్షి. ఫ్రెంచిలో ఆ మాటకు ఒంటరిది అని అర్థం. గుంపులుగా తిరగదు గనుక ఆ పేరు. సీమకోడి కంటె పెద్దది, ఎగరలేనిది. మగ పక్షి బరువు 45 పౌండ్ల దాకా ఉంటుందని లెగ్వా రాశాడు. తాటి జాతి ఆకులను అడుగున్నర ఎత్తు కుప్పగా పేర్చి, దానిపై ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆడా మగా వంతులవారీగా ఏడు వారాలు పొదుగుతాయి. తమ గూటి చుట్టూ రెండు వందల గజాల లోపలకు మరో పక్షిని రానీయవు. వచ్చినది ఆడదైతే ఆడపక్షి, మగదైతే మగపక్షి వెళ్లి తరుముతుంది. ఎగరడానికి పనికిరాని రెక్కల చివర తుపాకి గుండు వంటి ఎముక ముద్ద ఉంటుందనీ, దానితోనే పోట్లాడుతుందనీ, రెక్కలు గిరగిర తిప్పితే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుందనీ వివరించాడు.

పట్టుకోవడం తేలికే. కాని పట్టుకున్న తరువాత అది అరవదట, కన్నీరు కారుస్తుందట, ఎంత బతిమాలినా మేత ముట్టక చచ్చిపోతుందట. లెగ్వా కూడా దేశం పోగొట్టుకున్నవాడే గనుక ఆ మాటలు రాసేటప్పుడు అతని మనసు ఎలా ఉండినదో మనం ఊహించుకోవచ్చు.

తాబేళ్లను గురించి అతడు రాసినది ఇంకా విచిత్రం. సాయంకాలం అవి గుంపు కూడితే నేల కనిపించదనీ, అడుగు కింద పెట్టకుండా వాటి వీపుల మీదనే వంద అడుగులకు పైగా నడవవచ్చుననీ చెప్పాడు. సముద్రంలో డ్యుగాంగులు, అంటే నీటిలో గడ్డి మేసే పెద్ద జంతువులు, వందలకొద్దీ మందలుగా ఉండేవని కూడా రాశాడు.

తాబేళ్ల రవాణా

1715లో ఫ్రెంచివారు మారిషస్‌ను స్వాధీనం చేసుకొని ఇల్ ద ఫ్రాన్స్ అని పేరు పెట్టారు. 1735లో లాబూర్దొనే గవర్నరుగా వచ్చి పోర్ట్ లూయిస్ రేవును కట్టించాడు. 1746లో మద్రాసును ఇంగ్లీషువారి నుండి పట్టుకున్న లాబూర్దొనే ఇతడే. రేవులో ఓడలు పెరిగాయి, నావికులు పెరిగారు, బానిసలు పెరిగారు, ఆస్పత్రిలో రోగులు పెరిగారు. పంటలు చాలలేదు. మారిషస్ సొంత తాబేళ్లు అప్పటికే తరిగిపోతున్నాయి. అందరి చూపు రోడ్రిగ్స్ మీద పడింది.

భూమి తాబేలుకు ఒక గుణం ఉన్నది. తిండి, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. ఉప్పు, మంచు లేకుండా తాజా మాంసం నిలువ ఉంచే ఉపాయం నావికులకు ఇంతకంటె మరొకటి లేదు. నెలల తరబడి ఉప్పుమాంసం, ఎండు రొట్టె తిని చిగుళ్లు కుళ్లిన ఓడవాళ్లకు తాబేలు చారు మందుగా పోసేవారు. దాని కొవ్వు నుండి నూనె తీసేవారు. రోడ్రిగ్స్‌లో కొద్దిమంది సిపాయిలనూ, బానిసలనూ ఉంచి, తాబేళ్లను పట్టి దొడ్డిలో పోగుచేయించి, ఓడ వచ్చినప్పుడల్లా ఎక్కించడం ఒక ప్రభుత్వ శాఖ పని అయిపోయింది. ఓడలో ఒకదానిపై ఒకటి పేర్చగా దారిలో చచ్చేవి కూడా ఎక్కువే. లెక్క మాత్రం ఎక్కించినప్పటిదే.

1756 నుండి 1763 వరకు ఇంగ్లీషువారికి ఫ్రెంచివారికి జరిగిన యుద్ధంలో దాషే అనే సేనాధిపతి నౌకాదళానికి ఇల్ ద ఫ్రాన్స్ స్థావరం. 1758, 1759 సంవత్సరాలలో కోరమాండల్ తీరాన ఇంగ్లీషువారితో పోరాడినది ఆ దళమే. అందరికీ తిండి కావాలి. 1759, 1760 రెండు సంవత్సరాలలోనే 30,000 దాకా తాబేళ్లను రోడ్రిగ్స్ నుండి తరలించారు. 1730లలో మొదలై 1770 ప్రాంతం వరకు నడిచిన ఈ రవాణాలో పోయిన తాబేళ్లు మొత్తం రెండు లక్షలకు పైమాటే.

1761లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం చూడడానికి పింగ్రే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు రోడ్రిగ్స్‌కు వచ్చాడు. జూన్ 6న మబ్బుల మధ్యనే కొంత చూడగలిగాడు. ఆ నెలాఖరున ఇంగ్లీషు ఓడలు దీవిపై దాడి చేయగా తిరిగిపోయే దారి లేక మూడు నెలలకు పైగా చిక్కుబడ్డాడు. ఉన్నన్నాళ్లూ పూటపూటకూ తాబేలు కూరే తిన్నామని రాశాడు. సొలితేర్ మాత్రం అతని కంటబడలేదు. మారుమూలల్లో ఇంకా ఉన్నదని మాత్రం విన్నాడు. అంతకు ముందు 1755లో కొసిన్యీ అనే అధికారి సజీవంగా ఒక్క పక్షిని సంపాదించాలని ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఎలుకలు, వాటికోసం తెచ్చిన పిల్లులు, అడవికి పెట్టిన నిప్పు, మనుషుల వేట అన్నీ కలిసి పని పూర్తిచేశాయి. 1776లో పింగ్రే ప్రయాణానికి గుర్తుగా లమొనియే అనే శాస్త్రజ్ఞుడు ఆకాశంలో ఒక నక్షత్ర సముదాయానికి సొలితేర్ పేరు పెట్టాడు. అప్పటికి భూమిమీద ఆ పక్షి లేదు. 1800 ప్రాంతానికి తాబేళ్లూ పోయాయి. డ్యుగాంగులూ పోయాయి.

ఒక్క సంగతి మనం మరువరాదు. ఈ తాబేళ్లను రోడ్రిగ్స్ ప్రజలు తిని పోగొట్టలేదు. అప్పటికి అక్కడ ప్రజలే లేరు. 1804 జనాభా లెక్కలో దీవిలో ఉన్నవారు నూటికి కొద్దిమంది ఎక్కువ. వారిలో అత్యధికులు ఆఫ్రికా, మడగాస్కరుల నుండి తెచ్చిన బానిసలు. దీవిని ఖాళీ చేసినది పోర్ట్ లూయిస్ అవసరం. మన పూర్వులు వచ్చేనాటికి ఆ విందు ముగిసిపోయింది. అయినా వారు దిగిన రేవు, నడిచిన వీధులు ఆ తిండి తిని కట్టినవే.

1809లో ఇంగ్లీషువారు రోడ్రిగ్స్‌ను ఆక్రమించారు. 1810లో మారిషస్‌పై దాడికి సేనలు కూడినది అక్కడనే. మద్రాసు నుండి వచ్చిన దళాలు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజులలో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు విరివిగా ఉండేవారు. మన భాష మాట్లాడేవారు ఆ దీవిని చూసిన మొదటి సందర్భం అదే అనుకోవడానికి వీలున్నది.

ఎముకల సాక్ష్యం

లెగ్వా మాటను చాలామంది నమ్మలేదు. ఏడ్చే పక్షి, రెక్కలో గుండు, వీపులపై నడక ఇవన్నీ కట్టుకథలన్నారు. 1920 ప్రాంతంలో కూడా ఒక సాహిత్య పండితుడు ఆ పుస్తకమంతా కల్పిత నవల అని వాదించాడు. చూసినవాడు ఒక్కడు, చూపించడానికి పక్షి లేదు. ఇక నిరూపణ ఎట్లా?

నిరూపణ ప్లేన్ కొరాయ్ గుహలలో ఉన్నది. 18వ శతాబ్దం చివరనే అక్కడ కొన్ని ఎముకలు దొరికాయి. 1848లో స్ట్రిక్లండ్, మెల్విల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వాటిని పరీక్షించి సొలితేర్ డోడోకు దగ్గర చుట్టమనీ, రెండూ పావురం వంశంలోనివేననీ తేల్చారు. 1860లలో మారిషస్‌లో ఉద్యోగం చేస్తున్న ఎడ్వర్డ్ న్యూటన్ గుహలలో వెతికించి ఎముకలు తెప్పించాడు. అతడూ, అతని అన్న ఆల్ఫ్రెడ్ న్యూటన్ కలిసి వాటిని వర్ణించారు. రెక్క ఎముకపై లెగ్వా చెప్పిన చోటనే, చెప్పినట్టే గుండ్రని ముద్ద కనిపించింది. 2002లో ఎముకలలోని జన్యుపదార్థాన్ని పరీక్షించగా, డోడోకు, సొలితేర్‌కు నేడు బతికి ఉన్న పక్షులలో అతి దగ్గర బంధువు నికోబార్ పావురమని తేలింది. మన పూర్వుల తీరానికి ఎదురుగా బంగాళాఖాతానికి ఆవలి అంచున ఉన్న దీవుల పావురం అది. లెగ్వా నూటికి నూరుపాళ్లు కాకపోయినా చాలవరకు నిజమే చెప్పాడు.

1726లో రోడ్రిగ్స్‌లో చిక్కుబడిన తాఫొరే అనే నావికునిదని చెప్పే మరో చేతిరాత 1870లలో పారిస్‌లో బయటపడింది. అందులో పేర్కొన్న పక్షుల ఎముకలు కూడా తరువాత గుహలలో దొరికాయి. గూబలు, కొంగలు, గోరింక జాతి, పెద్ద చిలుక ఇవన్నీ ఒకప్పుడు అక్కడ ఉండేవి. చిన్న రామచిలుక ఒకటి 1875 దాకా నిలిచింది. ఆ సంవత్సరం కాల్చి పట్టిన పక్షి చర్మం ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్నది. ఆ తరువాత ఆ జాతిని ఎవరూ చూడలేదు.

మిగిలినవి

19వ శతాబ్దంలో పశువులు, మేకలు, నిప్పు కలిసి అడవిని నాశనం చేశాయి. 1874లో మళ్లీ శుక్రగ్రహ సంఘటన కోసం వచ్చిన ఇంగ్లీషు బృందంలోని వృక్షశాస్త్రజ్ఞుడు బాల్ఫర్ దీవి చెట్లను శ్రద్ధగా నమోదు చేశాడు. ఈనాడు ఆ చెట్లను తిరిగి నాటేవారికి అతని పుస్తకమే దారి చూపుతున్నది.

1970ల నాటికి మిగిలిన జీవుల పరిస్థితి దయనీయం. బంగారు రంగు మెడగల రోడ్రిగ్స్ గబ్బిలాలు వందకు కాస్త అటూ ఇటూగా కాస్కాద్ పిజోన్ లోయలో వేలాడుతుండేవి. ఒక్క తుఫాను చాలు వాటిని తుడిచివేయడానికి. 1976లో జెరాల్డ్ డరెల్ కొన్నింటిని పట్టి జెర్సీ దీవికి తీసుకుపోయి, సంతతి పెంచే ఏర్పాటు చేశాడు. ఇక్కడ చెట్లు నాటారు. బడులలో పిల్లలకు చెప్పారు. నేడు ఆ గబ్బిలాలు ఇరవై వేల ప్రాంతంలో ఉన్నాయి. ఫోడీ అనే పసుపుపచ్చ పిట్ట 1968 తుఫాను తరువాత అయిదారు జంటలకు దిగింది. వార్బ్లర్ అనే మరో చిన్న పిట్ట 1979 తుఫాను తరువాత ఎనిమిది జంటల దాకా వచ్చింది. ఈనాడు రెండూ వేల సంఖ్యలో కూస్తున్నాయి.

చెట్ల విషయంలో ఇంకొక ముచ్చట. కాఫే మరోన్ అనే చెట్టు నశించిపోయిందని పుస్తకాలలో రాశారు. 1980 ప్రాంతంలో ఒక బడిపంతులు పిల్లలకు పాత బొమ్మ చూపించి, ఇటువంటి చెట్టు ఎక్కడైనా ఉన్నదా చూడమన్నాడు. ఒక కుర్రవాడు దారి పక్కనుండి కొమ్మ తెచ్చాడు. అదే కాఫే మరోన్. ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క చెట్టే మిగిలింది. నాటుమందు కోసం జనం కొమ్మలు విరుస్తుంటే చుట్టూ కంచె వేయవలసి వచ్చింది. 1986లో కొమ్మలను లండనులోని క్యూ ఉద్యానానికి పంపారు. అవి వేళ్లూని పూచాయి గాని కాయలేదు. 2003లో కార్లోస్ మాగ్దలేనా అనే ఉద్యానకారుడు ఎన్నో ప్రయత్నాల మీద గింజలు పట్టించాడు. ఇప్పుడు వాటి మొలకలు రోడ్రిగ్స్ నేలలో పెరుగుతున్నాయి.

ఆ మొలకలను చూసినవారికి ఒక వింత కనిపిస్తుంది. చిన్నప్పుడు దాని ఆకు సన్నగా, పొడుగుగా, ఎండుటాకు రంగులో ఉంటుంది. మనిషి ఎత్తు దాటిన తరువాతనే వెడల్పైన పచ్చని ఆకులు వేస్తుంది. తాబేలు మెడ అందే ఎత్తు వరకు పచ్చదనాన్ని దాచుకోవడమే దీనికి కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తాబేళ్లు పోయి రెండు వందల సంవత్సరాలు దాటినా చెట్టు ఇంకా వాటికి భయపడుతూనే ఉన్నది.

ఇప్పుడు తాబేళ్లు కూడా తిరిగి వచ్చాయి. 2007లో ఆన్స్ కిటోర్ వద్ద గుహల పక్కనే లెగ్వా పేరుతో ఒక రక్షితవనం తెరిచారు. అక్కడ నాటిన దేశవాళీ చెట్ల మధ్య తిరిగే తాబేళ్లు రోడ్రిగ్స్ జాతి కావు. ఆ జాతులు రెండూ పోయాయి. ఇవి ఎక్కువగా ఆల్దబ్రా దీవి జాతివి. 1874లో చార్లెస్ డార్విన్, మరికొందరు పెద్దలు మారిషస్ గవర్నరుకు విజ్ఞాపన పంపి, ఇతర దీవులలో జరిగిన అనర్థం ఆల్దబ్రాకు జరగకుండా చూడమని కోరారు. ఆనాటి ఆ కాగితానికి ఈనాటి ఈ తాబేళ్లకు సంబంధం ఉన్నది.

మనకు చెందిన మాట

2002లో రోడ్రిగ్స్‌కు స్వయంపాలన వచ్చింది. నలభై వేలకు పైగా ఉన్న ఆ ప్రజలు తమ నీటి కరువుతో, తుఫానులతో పోరాడుతూనే అడవిని తిరిగి నాటుకుంటున్నారు. వారిని చిన్న దీవివారని తక్కువగా మాట్లాడడం మనలో కొందరికి అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి. ఒకనాడు ఈ పెద్ద దీవి ఆకలి తీర్చి ఆ చిన్న దీవి నష్టపోయింది. సెలవులకు అక్కడికి పోయేవారు కేవలం సముద్రపు ఒడ్డున పడుకొని రాకుండా ఆన్స్ కిటోర్, గ్రాండ్ మోంతాన్య్ వనాలకు పిల్లలను తీసుకుపోవాలి. గుహలో ఎముక, వనంలో మొలక రెండూ చూపించాలి.

మరొక మాట. లెగ్వా కాగితం మీద పెట్టకపోతే ఆ పక్షి గుడ్డు పొదిగిన విధం, పట్టుబడి ఏడ్చిన విధం ఏ ఎముకా చెప్పేది కాదు. మన ముత్తాతల సంగతీ అంతే. మోకాలోని ఇమ్మిగ్రేషన్ దస్త్రాలలో వారి నంబరు, ఓడ పేరు, ఊరి పేరు ఉన్నాయి. వారు ఏ పాట పాడుకున్నారో, ఏ పండుగకు ఏమి వండుకున్నారో, ఎవరిని తలచుకొని ఏడ్చారో అందులో లేదు. అది మన ఇళ్లలోని ముసలివాళ్లకు మాత్రమే తెలుసు. వారు పోకముందే కూర్చుని అడిగి, వచ్చీరాని తెలుగులోనైనా సరే రాసిపెట్టుకోవాలి. నమ్మేవారు నమ్ముతారు, నమ్మనివారికి కాలమే సాక్ష్యం చూపుతుంది.